లాన్‌బెరిస్‌లో ఎదురెదురు కొండలు

లాన్‌బెరిస్ ఊళ్ళో బస్సు దిగి చెరువు వైపు నడిస్తే రెండు కొండలు కనిపిస్తాయి. ఊరికి దక్షిణాన ఉన్నది అర్ విద్వా. మనం ఇంగ్లీషు పుస్తకాల్లో స్నోడన్ అని చదువుకున్నది అదే. ఎత్తు 1,085 మీటర్లు, వేల్స్ మొత్తంలో అంతకంటే పెద్ద కొండ లేదు. చెరువు అవతలి ఒడ్డున ఉన్నది ఎలిదిర్ వావుర్, 924 మీటర్లు. మొదటి కొండ ఎక్కడానికి ఏటా ఐదు లక్షల మందికి పైగా వస్తారు. రెండో కొండకి చెరువు వైపున అసలు కొండే మిగల్లేదు. అడుగు నుంచి పై దాకా మెట్లు మెట్లుగా కోసేశారు. పనికిరాదని పారబోసిన ఊదారంగు రాతిముక్కలు గుట్టలు గుట్టలుగా నీళ్ళ దాకా జారి ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి చూడకపోతే ఆ ఊరు చూసినట్టు కాదని నా నమ్మకం. అక్కడికొచ్చే జనంలో ఎక్కువమంది మొదటిది ఎక్కి, రెండోదాన్ని ఫొటోల్లో వెనక పడే గుట్టగా వదిలేసి వెళ్ళిపోతున్నారు. అది నాకు బాధగా అనిపించింది.

మాంచెస్టర్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలికి వేసవి చివర్లో సెలవు దొరికితే ఇద్దరం బయల్దేరాం. రైలు చెస్టర్ దాటాక సముద్రాన్ని ఆనుకునే పోతుంది. కాన్వీ దగ్గర పట్టాలు కోటగోడని రాసుకుంటూ వెళతాయి. వేల్స్‌ని జయించిన ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో మొదలుపెట్టి కట్టించిన కోట అది. ఆ తీరం వెంట అతను కట్టించిన కోటలు ఇవాళ చూడముచ్చటగా ఉన్నాయి గాని, కొండల్లోని జనాన్ని అణిచిపెట్టడానికే వాటిని లేపారన్నది మరిచిపోకూడదు. బాంగోర్‌లో రైలు దిగి బస్సెక్కాం.

బస్సులో మొదట నా చెవిన పడింది వేల్స్ భాష. బడి నుంచి వస్తున్న పిల్లలు, సంచులు మోసుకొస్తున్న ముసలమ్మలు, డ్రైవరు, అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. ఇంగ్లండు పక్కనే ఉండి, ఏడు వందల ఏళ్ళకి పైగా ఇంగ్లండు ఏలుబడి చూసి, ఇంకా సంతలోనూ బస్సులోనూ ఆ భాష బతికుండటం చిన్న సంగతి కాదు. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్ మొత్తం మీద 18 శాతం లోపు మందికే ఆ భాష వచ్చు. ఈ గ్విన్నెద్ జిల్లాలో మాత్రం నూటికి 64 మంది మాట్లాడతారు. 2022 నవంబరులో ఇక్కడి జాతీయ ఉద్యానవనం యాజమాన్యం ఇక నుంచి తమ పత్రాల్లో స్నోడన్, స్నోడోనియా అని కాకుండా అర్ విద్వా, ఎరరి అనే పేర్లే వాడతామని తీర్మానించింది. ఊళ్ళోవాళ్ళు ఎప్పుడూ పిలుచుకునే పేర్లే అవి.

మర్నాడు పొద్దున్నే పెన్-ఎ-పాస్ వెళ్ళే బస్సు ఎక్కాం. కొండ చుట్టూ తిరిగే ఈ బస్సులకి షెర్పా అని పేరు. ఊరికే పెట్టిన పేరు కాదనిపిస్తుంది. ఈ కనుమ దాటి కిందికి దిగితే పెన్-ఎ-గురిద్ అనే పాత హోటల్ ఒకటి ఉంది. 1953లో ఎవరెస్టు ఎక్కిన జాన్ హంట్ బృందం ముందుగా తర్ఫీదు పొందింది ఈ కొండల్లోనే, మకాం ఆ హోటల్లో. ఆక్సిజన్ పరికరాలు మోసుకుంటూ ఈ గుట్టల మీదే ఎక్కి దిగారు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి అక్కడే కలుసుకునేవాళ్ళు. ఒక గది కప్పు మీద హిల్లరీ, టెన్జింగ్ చేసిన సంతకాలు ఇప్పటికీ ఉన్నాయి.

పెన్-ఎ-పాస్ అంటే కనుమ నెత్తి. అక్కడే ఎత్తు 359 మీటర్లు కాబట్టి మూడో వంతు ఎత్తు బస్సే ఎక్కించేస్తుంది. కొండమీదికి పేరున్న బాటలు ఆరు. ఇక్కడి నుంచి రెండున్నాయి. మేం గనికూలీల బాట పట్టాం. "అత్తా, వానకోటు సంచి అడుగున పెట్టకు, పైనే ఉంచు. ఇక్కడ వాన చెప్పి రాదు" అంది పిల్ల. పక్కనే ఉన్న క్రీబ్ గోఖ్ శిఖరం మీద ఏడాదికి సగటున 4,400 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది. బ్రిటన్ మొత్తంలో అంత తడిసే చోట్లు అరుదు. మా ప్రకాశం జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ అంకె ఊహకి అందదు.

బాట మొదట్లో చాలా వెడల్పు. బండ్లు తిరగడానికి వేసింది మరి. ఈ కొండ కడుపులో రాగి ఉండేది. కొంచెం దూరం పోగానే చిన్న చెరువు, దాని ఒడ్డున కప్పులేని మొండిగోడలు. కూలీలు వారమంతా అక్కడే పడుకునేవాళ్ళు. ఇంకా పైకి వెళితే లదావ్ అనే పెద్ద చెరువు వస్తుంది. దానికి అడ్డంగా నీళ్ళలో రాళ్ళు పోసి 1853లో కట్టిన దారి మీదుగానే ఇప్పటికీ నడవాలి. గాలి గట్టిగా ఉన్నరోజు నీళ్ళు పాదాల మీదికి కొడతాయి. అవతలి ఒడ్డున రాగిరాయిని పొడిగొట్టిన మిల్లు గోడలు నిలిచే ఉన్నాయి. చెరువులోంచి లావుపాటి గొట్టం ఒకటి లోయలోకి దిగిపోతోంది. అది దిగువన 1906 నుంచీ కరెంటు తీస్తున్న చిన్న జలవిద్యుత్ కేంద్రానికి నీళ్ళు పట్టుకుపోతుంది. చూడటానికి వచ్చినవాళ్ళు ఇదంతా అడవిగా, ప్రకృతిగా చూస్తారు. నా కళ్ళకి మాత్రం అడుగడుగునా పనిచేసిన చేతులే కనిపించాయి.

అక్కణ్ణించి ఎక్కుడు మొదలవుతుంది. పైన గ్లాస్‌లిన్ చెరువు. నీళ్ళు నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. రాగి కలిసిన రంగు అది. మూడు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, ఎదురుగా మబ్బులో తల దాచుకున్న శిఖరం. ఈ చెరువు గురించి ఒక కథ చెబుతారు. కాన్వీ నదిలో అవాంక్ అనే నీటి భూతం ఉండేదట. అది ఒళ్ళు విరుచుకున్నప్పుడల్లా వరదలొచ్చి పైర్లు కొట్టుకుపోయేవట. ఒక అమ్మాయి దానికి జోలపాడి నిద్రపుచ్చితే, గొలుసులు కట్టి జోడెడ్లతో ఈ కొండల మీదికి ఈడ్చుకొచ్చి గ్లాస్‌లిన్‌లో పడేశారట. లాగే ఆయాసానికి ఒక ఎద్దు కన్ను ఊడి పడిందనీ, అది పడ్డచోటే మడుగు ఏర్పడిందనీ అంటారు. ఎద్దు కన్ను అనే పేరుతో ఆ మడుగు ఇప్పటికీ ఉంది. భూతం సంగతి ఎలా ఉన్నా ఆ ఎద్దుని తలుచుకున్నవాళ్ళు ఎవరో సేద్యం చేసినవాళ్ళే అయి ఉంటారని నాకు అనిపించింది. గనుల రోజుల్లో జరిగింది కూడా ఇంచుమించు అదే. కింద లోయలో సరైన రోడ్డు పడకముందు, ఈ చెరువు దగ్గర తవ్విన రాగిరాయిని ముందు కొండ మీదికి చేర్చి, అవతలి వాలు నుంచి స్లెడ్జి బండ్ల మీద దించేవాళ్ళు. మేం ఖాళీ చేతులతో ఎక్కలేక ఆగుతున్న చోట వాళ్ళు రాళ్ళు మోశారు.

గ్లాస్‌లిన్ తర్వాత బాట అంటూ పెద్దగా లేదు. చేతులు కూడా ఆనించి ఎక్కాల్సిన రాళ్ళగుట్ట. పెన్-ఎ-పాస్ నుంచి వచ్చే రెండోదైన పిగ్ బాట పైన కలిశాక మలుపులు తిరుగుతూ కనుమ దాకా రాతిమెట్లున్నాయి. ఇన్ని లక్షల కాళ్ళ కింద కొండ అరిగిపోకుండా ఆ రాళ్ళు పేర్చి నిలబెట్టేవాళ్ళు ఏడాది పొడుగునా పని చేస్తూనే ఉండాలి. ఒక మలుపులో ఊపిరి పీల్చుకోవటానికి ఆగినప్పుడు చూశాను. మెట్టుగా వేసిన ప్రతి రాయీ కొండలోపలికి కొద్దిగా వంచి, సందుల్లో చిన్న రాళ్ళు దిగ్గొట్టి, వాననీరు పక్కకి పోయేటట్టు అడ్డంగా కాలవ తీసి ఉంది. సిమెంటు చుక్క లేదు.

కనుమ దగ్గర నిలువురాయి పాతారు. మబ్బులో దిగేటప్పుడు దారి తప్పకుండా గుర్తు. ఆ రాయి దాటగానే రైలుకూత వినిపించింది. అవును, ఈ కొండమీదికి రైలుంది. రెండు పట్టాల మధ్య పళ్ళపట్టా ఒకటి ఉంటుంది, ఇంజను పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. స్విట్జర్లాండులో చేసిన ఇంజన్లతో 1896 ఏప్రిల్ 6న ఈ లైను ప్రారంభించారు. మొదటిరోజే దిగుతున్న ఇంజను పళ్ళు వదిలేసి లోయలో పడిపోయింది. భయంతో పెట్టెలోంచి దూకిన ప్రయాణికుడు ఒకాయన చనిపోయాడు. ఏడాది ఆపి, పట్టు తప్పకుండా అదనపు ఏర్పాటు చేసి, 1897లో మళ్ళీ మొదలుపెట్టారు. అప్పటి నుంచీ నడుస్తోంది. కొండెక్కేవాళ్ళలో కొందరు ఈ రైలుని చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. మా ముందు దిగినవాళ్ళలో చేతికర్రతో ఒక పెద్దాయన, ఆయన్ని పట్టుకుని నడిపిస్తున్న మనవరాలు ఉన్నారు. ఆయనకి కూడా ఈ కొండ మీద హక్కుంది.

శిఖరం మీద ఏమీ కనిపించలేదు. ఆకాశం తేటగా ఉంటే ఇక్కణ్ణించి సముద్రం అవతల ఐర్లండు కొండలు కనిపిస్తాయంటారు. మాకు చేయి చాచినంత దూరం తర్వాత అంతా తెలుపే. అయినా రాతిమెట్లెక్కి, కొలత రాయిని ముట్టుకోవటానికి జనం వరుసలో నిలబడ్డారు, మేమూ నిలబడ్డాం. ఆ రాళ్ళకుప్ప కింద రిటా అనే రాక్షసుడి శవం ఉందని కథ. తాను ఓడించిన రాజుల గడ్డాలన్నీ కలిపి అంగీ కుట్టుకున్నాడట. ఒక్క గడ్డం చాలక, పంపమని ఆర్థర్ రాజుకి కబురు పెట్టాడట. ఆర్థర్ వచ్చి వాణ్ణి చంపి, శవం మీద తలా ఒక రాయి వెయ్యమని తన మనుషులకి చెప్పాడట. అలా పోగైన గుట్టే ఈ కొండ కొస అని నమ్మకం. పక్కనే 2009లో కట్టిన హవోద్ ఎరరి అనే విడిది ఉంది. లోపల వెచ్చగా టీ దొరికింది. తడిసిన కోట్ల ఆవిరితో అద్దాలు మసకబారి ఉన్నాయి. ఓ మూలన ఒకావిడ చంటిపిల్లాడికి వేల్స్ భాషలో ఏదో లాలన మాట చెబుతూ మేజోళ్ళు మారుస్తోంది.

దిగటానికి రైలు పక్కనే పోయే లాన్‌బెరిస్ బాట ఎంచుకున్నాం. పొడుగెక్కువ, వాలు తక్కువ, మోకాళ్ళకి మేలు. కొంతదూరం దిగాక ఎడమచేతి వైపు నల్లటి కొండచరియ ఒకటి నిలబడి ఉంది. క్లోగ్విన్ దీర్ అర్దీ అంటారు. దిగువన దానంత నల్లటి చిన్న చెరువు. 1950ల్లో ఈ చరియ మీద అంతకుముందు ఎవరూ సాహసించని దారులు వేసినవాళ్ళు మాంచెస్టర్ వైపు కష్టజీవులు. జో బ్రౌన్ తాపీపనులు చేసేవాడు, డాన్ విలన్స్ గొట్టాల పనివాడు. అప్పటిదాకా కొండలెక్కటం డబ్బూ తీరికా ఉన్నవాళ్ళ వేడుక. వారమంతా పనిచేసి, సెలవుదినాల్లో ఇక్కడికొచ్చి తాళ్ళు కట్టుకున్న ఈ కుర్రాళ్ళు దాన్ని అందరిదీ చేశారు. "మా ఆసుపత్రిలో కూడా ఇద్దరున్నారత్తా, శుక్రవారం రాత్రయితే చాలు, ఇటే" అంది పిల్ల.

ఇలాంటి చల్లటి చరియల నెర్రెల్లో ఒక చిన్న తెల్లపువ్వు పూస్తుంది. ఎడ్వర్డ్ లూయిడ్ అనే వేల్స్ పండితుడు 17వ శతాబ్దం చివర్లో దాన్ని మొదట గుర్తించాడు. ఉత్తర ధ్రువం వైపు, ఆల్ప్స్‌లో, హిమాలయాల్లో కూడా ఉండే జాతే. బ్రిటన్‌లో మాత్రం ఈ కొండల్లో కొద్ది చోట్ల తప్ప ఎక్కడా లేదు. మంచుయుగం వెనక్కి తగ్గినప్పుడు ఇక్కడ చిక్కుకుపోయిన మొక్క. చలి తగ్గుతున్న కొద్దీ దానికి ఇంకా పైకి వెళ్ళే చోటు లేదు. కొండ అక్కడితో అయిపోయింది మరి. అది పూసే కాలం వేసవి మొదట్లోనే, మా బాట మీద కనిపించేదీ కాదు. కానీ అది ఆ నెర్రెల్లో ఉందని తెలిసి దిగటం వేరు, తెలియక దిగటం వేరు.

సగం దూరం దిగాక మబ్బు విడిపోయింది. ఎదురుగా, చెరువు అవతల, ఎలిదిర్ వావుర్ మొత్తం బయటపడింది. పొద్దున చూసినప్పుడు గుట్టలే కనిపించాయి. ఇప్పుడు ఎత్తు మీంచి చూస్తే మెట్లన్నీ తెలుస్తున్నాయి. ఒక్కో మెట్టూ అయిదారంతస్తుల మేడంత ఎత్తు. అదే దినోర్విగ్ పలకరాతి గని. 1787లో మొదలై 1969లో మూతపడింది. ఒకప్పుడు 3,000 మందికి పైగా పనిచేశారు. బెథెస్డా ఊళ్ళోని పెన్‌రిన్ గని తర్వాత ప్రపంచంలో అంత పెద్ద పలకరాతి గని అప్పట్లో ఇంకోటి ఉండేది కాదు.

పలకరాయి అనగానే నాకు మా వైపు నేల గుర్తొస్తుంది. మాది మార్కాపురం దగ్గర పల్లె. తెలుగునాట మూడు నాలుగు తరాలు అ ఆలు దిద్దిన పలకల్లో చాలా భాగం మార్కాపురం చుట్టుపక్కల గోతుల్లోంచి వచ్చినవే. చిన్నప్పుడు కార్ఖానాల పక్కనుంచే మా నడక. అరుగుల మీద కూర్చుని మొగవాళ్ళు ఉలితో రాయి చీల్చేవాళ్ళు, ఆడవాళ్ళు అరగదీసి నున్నగా చేసేవాళ్ళు, కొయ్యచట్రాలు బిగించేవాళ్ళు. అందరి కనుబొమ్మల మీదా బూడిదరంగు పొడి. బాంగోర్ రేవు దగ్గర కూడా ఒకప్పుడు బడిపిల్లల రాతపలకలు చేసే కార్ఖానాలు ఉండేవి. కాబట్టి మర్నాడు మేం గని వైపు వెళ్ళింది వింత చూడటానికి కాదు. నాకైతే చుట్టాలింటికి వెళుతున్నట్టే ఉంది.

గని అడుగున, చెరువు ఒడ్డున, నాలుగు పక్కలా కట్టిన పాత వర్క్‌షాపు ఉంది. గని మూసేసినప్పుడు యంత్రాలన్నీ వేలానికి పెట్టారు. అందులో పనిచేసిన ఇంజినీరు ఒకాయన పట్టుబట్టి కొన్ని అమ్ముడుపోకుండా ఆపటం వల్ల 1972లో అక్కడ పలకరాతి మ్యూజియం తెరవగలిగారు. 1870 నాటి నీటిచక్రం ఉంది, అడ్డంకొలత 15 మీటర్ల పైమాట. బ్రిటన్ ప్రధాన భూభాగంలో అంతకంటే పెద్దది లేదు. అది తిరగటంతోనే కార్ఖానా మొత్తం నడిచేది. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం దాని దగ్గర కాదు, రాయి చీల్చే ఆయన దగ్గర.

ఆయన ఎత్తు తక్కువ బల్ల మీద కూర్చుని, తొడకి ఆనించి ఒక దిమ్మ పెట్టుకున్నాడు. వెడల్పాటి పలచని ఉలి అంచుని రాయి నడిమధ్య ఆనించి, కొయ్యసుత్తితో మెత్తగా రెండు దెబ్బలు వేశాడు. గట్టిగా కొట్టలేదు. చెవి పెట్టి విన్నట్టు తల కొంచెం వంచాడు. ఉలిని అటూ ఇటూ ఆడించగానే దిమ్మ రెండు సమభాగాలుగా విడిపోయింది. ఒక్కో సగాన్నీ మళ్ళీ సగానికి, దాన్ని మళ్ళీ సగానికి. ఎప్పుడూ నడిమధ్యనే మొదలుపెడతాడు, ఒక పక్క పలచబడితే రాయి పగిలిపోతుంది. చివరికి మిగిలిన రేకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, వేలితో టకటక కొట్టి చూపించాడు. గంటలా మోగింది. మా ఊళ్ళో ఒక ముసలాయన చేతిలో నేను విన్న మోతే. "మా దేశంలో మా ఊళ్ళో కూడా ఇదే పని చేస్తారు" అని పిల్లచేత ఇంగ్లీషులో చెప్పించాను. ఆయన సుత్తి పక్కన పెట్టి, ఉలి ఎలా ఉంటుంది, తడిరాయి చీలుస్తారా, ఆరినది చీలుస్తారా, రోజుకి కూలి ఎంత అని అడగటం మొదలుపెట్టాడు. గోతిలోంచి తీసిన వెంటనే, చెమ్మ ఆరకముందే చీల్చాలన్నాను. ఆయన తల ఊపి, ఇక్కడా అంతేనన్నాడు.

చీల్చిన పలకల సైజులకి అక్కడ డచెస్, కౌంటెస్, లేడీ అని దొరసానుల హోదాలే పేర్లు. యజమానుల ఇళ్ళల్లో ఆ దొరసానులు ఉండేవాళ్ళు. కొండమీద పనివాళ్ళకి జీతం ఖాయంగా ఉండేది కాదు. ప్రతి నెలా మొదట్లో నలుగురు కలిసిన ముఠా తమ వంతు రాతిగోడకి మేస్త్రీతో బేరం కుదుర్చుకోవాలి. రాయి బాగా పడితే నాలుగు డబ్బులు, చెత్త పడితే నెలంతా ఒట్టి కష్టం. పనికొచ్చే పలక ఒక టన్ను తియ్యాలంటే దాదాపు పది టన్నుల రాయి పారబొయ్యాలి. నీళ్ళ దాకా జారిన ఆ గుట్టలన్నీ ఆ లెక్కే.

మ్యూజియంలో ఒక వరసలో నాలుగు ఇళ్ళున్నాయి. వేరే ఊళ్ళో కూల్చెయ్యబోతుంటే రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. వాటిలో మూడింటిని ఒక్కోదాన్ని ఒక్కో కాలానికి తగ్గట్టు సర్దారు. అందులో 1901 నాటి బెథెస్డా ఇంటి కిటికీలో ఒక కాగితం అంటించి ఉంది. ఈ ఇంట్లో ద్రోహి లేడు అని దాని అర్థం. పెన్‌రిన్ గనిలో 1900 నవంబరు నుంచి 1903 నవంబరు దాకా మూడేళ్ళు పని ఆగిపోయింది. సంఘం పెట్టుకునే హక్కు కోసం 2,800 మంది బయటికొచ్చారు. కొందరు మధ్యలో పనిలోకి వెళ్ళిపోతే, వెళ్ళనివాళ్ళు తమ కిటికీల్లో ఈ కాగితాలు పెట్టారు. బెథెస్డా ఆడవాళ్ళు పాటల బృందాలు కట్టి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. చివరికి ఆకలికి తట్టుకోలేక ఓడిపోయారు. ఆ ఊళ్ళో కుటుంబాల మధ్య పడిన పగలు తరాలపాటు తీరలేదంటారు. ఆ గని యజమానులైన పెన్‌రిన్ ప్రభువుల సొమ్ము మొదట వచ్చింది జమైకా చెరకుతోటల్లో బానిసల చెమట నుంచి. 1830ల్లో బానిసత్వం రద్దయినప్పుడు 764 మంది బానిసలకి గాను ఆ కుటుంబానికి ప్రభుత్వం 14,683 పౌండ్లు పరిహారం ఇచ్చింది. బానిసలకి పైసా ఇవ్వలేదు. 2021 జులైలో యునెస్కో ఈ పలకరాతి సీమని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారసత్వంలో ఈ లెక్క కూడా ఉంది.

మ్యూజియం నుంచి గని లోపలికి కాలిబాట ఎక్కుతుంది. బర్చ్ చెట్ల మధ్య నుంచి పోయి పోయి, ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళ దగ్గరికి చేరుకున్నాం. వరసకి పదకొండు. ఆంగ్లసీ దీవి నుంచి వచ్చిన కూలీలు సోమవారం తెల్లారకముందే బయల్దేరి వచ్చి, శనివారం దాకా ఇక్కడే ఉండేవాళ్ళు. 1948లో ఇవి మనుషులు ఉండటానికి పనికిరావని మూసేశారు. కప్పులు లేవు. లోకానికంతా ఇంటికప్పులు చేసిచ్చిన మనుషుల ఇళ్ళవి. ఒక దాంట్లోకి తొంగిచూశాను. పొయ్యిగూడు, దాని మీద ఒకే పలకతో చేసిన అడ్డపట్టె, గోడలో బట్టలు తగిలించుకునే తుప్పుమేకులు. గదికి నలుగురు మగవాళ్ళు. నీళ్ళు బయటి నుంచి మోసుకోవాలి.

పొడి సంగతి చెప్పకుండా ఉండలేను. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే సిలికోసిస్‌తో ఆ సీమలో తరాలకి తరాలు దగ్గుతూ పోయాయి. ఆ కాలం గని వైద్యుల్లో కొందరు పొడి వల్ల హాని లేదని రాసిచ్చారు. కూలీలు మరిగి మరిగిన టీ తాగటం వల్లే ఒళ్ళు పాడవుతోందన్నారు. పలకరాతి పనివాళ్ళకి ఈ జబ్బుకి ప్రభుత్వ పరిహారం దక్కేటట్టు చట్టం వచ్చింది 1979లో, ఈ గని మూసేసిన పదేళ్ళకి. మార్కాపురం అరుగుల మీద దగ్గిన మనుషులు నాకు తెలుసు. వాళ్ళ పేర్లు ఏ లెక్కలోనూ లేవు.

ఇంత కష్టంలోనూ ఆ మనుషులు చేసుకున్నది చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మధ్యాహ్నం తిండి తినే రాతిగుడిసెని కబాన్ అనేవాళ్ళు. అక్కడ అన్నాల వేళ రాజకీయాల మీద వాదాలు, పద్యాల పోటీలు, పాటలు, పుస్తకాల మీద చర్చలు జరిగేవి. 1884లో బాంగోర్‌లో విశ్వవిద్యాలయ కళాశాల పెట్టినప్పుడు గనికూలీలూ రైతులూ తమ కూలిడబ్బుల్లోంచి చందాలిచ్చారు. తాము కాలుపెట్టని చదువు కోసం, పిల్లల కోసం. పక్కనే రోస్‌గాద్వాన్‌లో ఒక గనికూలీ ఇంట్లో పుట్టిన కేట్ రాబర్ట్స్ ఆ కళాశాలలో చదివి, వేల్స్ భాషలో గొప్ప కథకురాలైంది. 1936లో వచ్చిన ఆమె నవల ఈ పలకరాతి కుటుంబాల బతుకే.

ఎలిదిర్ వావుర్ కొండ ఇప్పుడు ఇంకో పని చేస్తోంది. లోపల సొరంగాలు తొలిచి 1984లో దినోర్విగ్ విద్యుత్ కేంద్రం ప్రారంభించారు. 1,728 మెగావాట్లు. కరెంటు మిగులు ఉన్నప్పుడు కింది చెరువు నీళ్ళని పై చెరువుకి తోడతారు, కావాల్సినప్పుడు వదులుతారు. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం పద్ధతే. టీవీలో పెద్ద మ్యాచి అయ్యాక దేశమంతా ఒక్కసారి టీ కెటిల్ వేస్తే ఈ కొండే ఆదుకుంటుంది. బయటినుంచి చూస్తే ఒక్క తలుపు తప్ప ఏమీ తెలియదు.

బ్రిటన్‌లో పిల్లల దగ్గరికి వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామంది. లండన్ చూసి, స్కాట్లండ్ చూసి వచ్చేస్తున్నారు. లాన్‌బెరిస్‌కి రెండు రోజులు పెట్టుకోండి. ఒకరోజు అర్ విద్వా ఎక్కండి. నడవలేనివాళ్ళకి రైలుంది, టిక్కెట్లు ముందే తీసుకోవాలి. పెన్-ఎ-పాస్‌లో కారు పెట్టుకోవటానికి కూడా ముందే బుక్ చేసుకోవాలి, దానికంటే బస్సు నయం. రెండోరోజు గనికి ఇవ్వండి. మ్యూజియాన్ని పునరుద్ధరణ కోసం 2024 నవంబరులో మూశారు, మళ్ళీ తెరిచిందీ లేనిదీ కనుక్కుని వెళ్ళండి. మూసి ఉన్నా గనిబాట నడవండి.

ఇక మార్కాపురం వాళ్ళకి, ప్రకాశం జిల్లా బళ్ళల్లో పాఠాలు చెప్పేవాళ్ళకి ఒక మాట. ప్లాస్టిక్ పలకలు వచ్చాక మన రాతపలకల పని అడుగంటింది. రాయి చీల్చటం తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళ ఉలులూ సుత్తులూ పాతసామాన్ల కొట్టుకి పోకముందే సేకరించండి. పిల్లల్ని వాళ్ళ దగ్గరికి పంపి, ఆ పని మాటలూ, కూలి లెక్కలూ, దగ్గుతో పోయినవాళ్ళ పేర్లూ రాయించండి. బడిలో ఒక గది చాలు. లాన్‌బెరిస్‌లో ఒక ఇంజినీరు పట్టుబట్టబట్టే అంత మిగిలింది.